రామ్మోహనరావు గ్లాసు లెక్క

రామ్మోహనరావు సారు ఏ బెంచీ మీద కూర్చుంటే ఆ బెంచీ సభ అయిపోతుంది. గణాంకాల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి సర్వేలు రాసి రిటైరైన మనిషి. రోజూ పదకొండింటికి బోయిగూడలో రైల్వే గోడకెదురుగా ఉన్న డోరా టీ కొట్టుకు వస్తాడు. కొట్టు గోడకు బిగించిన చెక్క మీద గ్లాసు పెట్టుకుని ఒంటిగంట దాకా మాట్లాడతాడు. మామూలుగా డోరా ఆయన మాటలు పట్టించుకోదు. పాలు పొంగకుండా చూసుకోవడంతోనే ఆమెకు సరిపోతుంది. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచి ఆయన కోసమే ఎదురుచూసింది.

కారణం పై అంతస్తులో ఉంది. కొట్టు నెత్తి మీదున్న హాల్లో ఆమె ఆడబిడ్డ గ్లోరియా పదకొండు కుట్టు మిషన్లు పెట్టి స్కూలు యూనిఫారాలు కుట్టిస్తుంది. బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, కరెంటు మీటరేమో ఇంటి మీటరు. ఇలాంటి చాటు పనులన్నీ ఎన్ని ఉన్నాయో లెక్కగట్టే సర్వే ఒకటి ఇప్పుడు వీధిలో తిరుగుతోంది. ఆ పొద్దున్నే ఒక అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని వచ్చి, రేపు పదింటికి మీ ఇంటికి వస్తానని చెప్పి వెళ్లింది.

పన్నెండేళ్ల కిందట ఇదే మాదిరి సర్వే వచ్చినప్పుడు గ్లోరియా ఒక ఉపాయం చేసింది. మిషన్ల మీద దుప్పట్లు కప్పించి, ఆడవాళ్లందరినీ చాప మీద కూర్చోబెట్టి కీర్తనలు అందుకుంది. సర్వే ఆయన మెట్ల మీదే చెప్పులు విడిచి, మూడు పాటలు అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ప్రార్థన కూడిక అని రాసుకుని పోయాడు. ఆ వచ్చినాయన ఈ రామ్మోహనరావు సారే. దుప్పట్ల కింద మిషన్లున్న సంగతి ఆయనకు నేటికీ తెలియదు.

ఈసారి గ్లోరియా అడ్డం తిరిగింది. దేవుని పాట అడ్డం పెట్టుకుని ఒకసారి అబద్ధమాడిన, పన్నెండేళ్లయినా గొంతులో ముల్లు లెక్కనే ఉంది, మళ్లీ ఆడనంది. ఆ అమ్మాయి అడిగింది అడిగినట్టు చెప్తానంది. మరి చెప్పిన మాట కరెంటాఫీసుకు పోతే? ఏ ఆఫీసరైనా మెట్లెక్కితే మర్నాడే ఖాళీ చేయిస్తానని ఇంటి ఓనరు పర్వతాలు ఇదివరకే చెప్పి ఉన్నాడు. పదకొండు మంది ఆడవాళ్ల పని పోతుంది.

సర్వేలో చెప్పింది ఇంకో ఆఫీసుకు చేరుతుందా, లేదా? ఈ ఒక్క ముక్క డోరాకు కావాలి. తెలిసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. కానీ సూటిగా అడిగితే పైన ఏముందో ఆయనకు చెప్పినట్టే. ఆయన చెవిన పడిన మాట సాయంత్రానికల్లా కాళ్లూ చేతులూ మొలిచి బోయిగూడంతా తిరుగుతుంది. అందుకని అల్లం కాస్త ఎక్కువే దంచి వేసి, టీ ముందర పెట్టి, చుట్టు తిప్పి అడిగింది.

"సార్, రేపు సర్వే అట గద. మీరు సుత ఇట్లనే రాసేటోళ్లు గద. రాసింది యాడికి పోతది?"

"యాడికి పోతదో తర్వాత, డోరమ్మా. ముందుగాల యాడికెల్లి వస్తదో తెల్వాలె," అని రామ్మోహనరావు కాలు మీద కాలు వేసుకున్నాడు.

వినడానికి ఇద్దరున్నారు. ఆటో తుకారాం ఒకడు. లైను పని జరుగుతోందని ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లతో సహా ఈ దారిన రైళ్లన్నీ పొద్దుటి నుంచి బంద్ కాబట్టి గిరాకీ లేక కూర్చున్నాడు. రెండో ఆయన లెక్కల మాస్టారుగా చేసి మానేసిన సైలస్. ఈయన ఏ మాటనూ లెక్క చూడకుండా ఒప్పుకోడు.

తిరుమలగిరితో షురూ చేశాడు సారు. ఒక ఇల్లుందట, నలుగురు మనుషులట, భర్త గుమ్మంలో నిలబడి మా ఆవిడ ఏం చేయదు, ఇంట్లోనే ఉంటదని చెప్పాడట. వేరేవాళ్లయితే అదే రాసుకుని పోయేవాళ్లు. ఈయన మాత్రం కింద చూశాడు. నలుగురున్న ఇంటి ముందు తొమ్మిది జతల ఆడవాళ్ల చెప్పులు. లోపలికి పోయి చూస్తే తొమ్మిది మంది అగర్‌బత్తీలు చుడుతున్నారు. చిన్న ఇంటికి ఒక్కసారే అంతమంది ఆడచుట్టాలు వచ్చి కూర్చుంటారా, అదీ సారు తెలివి.

సైలస్ తల ఊపాడు. తొమ్మిది జతలంటే తొమ్మిది మంది, లెక్క సరిపోయింది. డోరా ఇదే అదనని, మరి ఆ అగర్‌బత్తీల ఇంటి పేరు తర్వాత ఎవరికిచ్చారు సార్ అని అడగబోయింది. ఆయన అప్పటికే రెండో అడుగు వేసేశాడు.

"చెప్పులతోటి ఎన్ని దినాలు? తెలివి మీరిన జనం చెప్పులు లోపల దాచుడు షురూ చేసిండ్రు. ఆ తర్వాత నేనేం చేసిన్నో ఎరుకేనా? స్టీలు గ్లాసు కొన్న."

గ్లాసు నిండా నీళ్లు పోసి ఇంటి గుమ్మంలో పెడతాడట. తాగడానికి అడిగినట్టే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. లోపల ఎక్కడ మిషన్ తిరిగినా నేల అదురుతుంది, నేల అదిరితే నీళ్లు కదులుతాయి. వలయాలు లెక్కపెడితే మిషన్లు ఎన్నో తెలిసిపోతుంది. సన్న వలయమైతే కాటన్ గుడ్డ, మందమైతే జీన్స్. వలయం ఒక పక్కకు వాలితే ఆ మిషన్ తొక్కే ఆమెకు మోకాలి నొప్పి.

"ఏ మోకాలు సారూ?" అన్నాడు తుకారాం.

"అది గ్లాసుల తెల్వదు. బకెట్ కావాలె," అన్నాడు సారు ఏ మాత్రం తడుముకోకుండా.

బకెట్‌తో వీధి మొత్తం లెక్కపెట్టాడట. మోండా మార్కెట్ వెనక సందుల్లో నీళ్ల డ్రమ్ము పెట్టించి ఆరు గల్లీలు ఒక్క పూటలో తేల్చాడట. ఆ డ్రమ్ము సంగతి ఢిల్లీకి పాకింది. అక్కడ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు దేశంలో చాటున జరిగే వ్యాపారమెంతో కొలవలేక పరేషాన్ అవుతున్నారు. జనం చేతుల్లో తిరిగే నోట్లు ఎన్ని, కాలే కరెంటు ఎంత, అందులోంచి కాగితాల మీద కనిపించే వ్యాపారాన్ని తీసేస్తే మిగిలేదెంత అని ఒక్కొక్కరు ఒక్కో దారిలో పోతున్నారు. ఒకరి జవాబు ఇంకొకరికి సగం, వేరొకరికి రెట్టింపు. చివరికి విమానమేసుకుని వచ్చి సికింద్రాబాద్‌లో దిగారు. రామ్మోహనరావు గారూ, మీ డ్రమ్మేది అన్నారు.

"డ్రమ్ము చాలదు సార్, హుసేన్‌సాగర్ ఇప్పియ్యున్రి అన్న."

సైలస్ మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. డోరా పాల గిన్నె కింద మంట తగ్గించింది. ఈ వేగంతో పోతే తన ప్రశ్న తిరిగి భూమ్మీదికి వచ్చేలా లేదు. ఆయన ఊపిరి తీసుకునే సందులో, అంత పెద్ద లెక్క తీసినప్పుడు ఎవరి పేరు, ఎవరి ఇల్లు అనేది కరెంటాఫీసోళ్లకు గిట్ల తెలుస్తుందా సార్ అని అడిగేసింది. ఆగు డోరమ్మా, పడవ ఎక్కిన, ఇప్పుడు దింపకు అన్నాడాయన.

పడవలో చెరువు నడిమికి పోయాడట. గాలి ఉంటే లెక్క తప్పుతుందని వాతావరణం ఆఫీసుకు చెప్పి అరగంట గాలి ఆపించాడట. బుద్ధుడి విగ్రహం గద్దె మీద చాక్‌పీసుతో గీత గీసి, ఒక్కో అలను వేలితో ముట్టి చూపించాడట. ఇది కవాడిగూడ ప్రింటింగు అల, ఇది మెట్టుగూడ పచ్చళ్ల అల, ఇదేమో బోయిగూడ అల, ఇది చాలా చిన్నది, ఈ గల్లీలో చాటు పని ఏం లేదు.

చెక్క మీద ఆయన గ్లాసులో టీ సన్నగా వణికింది. "ట్రైన్ పోతున్నట్టుంది," అని సారు గ్లాసు కొంచెం లోపలికి జరిపాడు. తుకారాం ఏదో అనబోయి, కథ ఆగిపోతుందని ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని తనే అడిగి, తనే చెప్పాడు. పట్నం లెక్క తేలింది, మరి దేశం లెక్క? విశాఖపట్నం బీచ్‌లో కుర్చీ వేయించుకున్నాడు. పదకొండు రోజులు, ఇడ్లీ కూడా కుర్చీలోనే. గాలి లేపిన అలలు ఒక పక్కకు తీశాడు, ఓడలు లేపిన అలలు ఒక పక్కకు తీశాడు, చేపల అలలు తీశాడు. మిగిలిన ప్రతి అల ఈ దేశంలో కాగితానికి చిక్కకుండా ఎవరో ఒకరు చేస్తున్న పనే.

"చేపల అల ఎట్ల తెలుస్తది?" అన్నాడు సైలస్.

"వాసన. నేను లెక్కపెడుతుంటే సముద్రం సుత భయపడి ఒక్క తప్పుడు అల వెయ్యలే, మాస్టర్."

"ఎంతొచ్చింది సారూ?" అన్నాడు తుకారాం.

"పైన కనబడే దేశం ఎంతుందో, కింద కనబడని దేశం అంతుంది. మీద జెర ఎక్కువనే. పేపర్ల వేద్దామన్నరు, నేనే వద్దన్న. పక్క దేశాలోళ్లు కుళ్లుకుంటరు." ఇంత చెప్పి సారు చల్లారిన టీని ఒక గుక్క తాగి గ్లాసు మళ్లీ చెక్క మీద పెట్టాడు. "ముప్ఫై ఒక్క ఏండ్లల్ల నా కండ్లు గప్పినోడు లేడు. రేపు ఆ పిల్ల ఒక్కతే ఏం రాస్తది పాపం, నేను సుత ఎంబడి వస్త. ఈ గల్లీ నాకు కొట్టిన పిండి. ఈ బిల్డింగ్‌నే తీసుకోన్రి, కింద డోరమ్మ టీ కొట్టు, పైన ప్రార్థన కూడిక. నేనే రాసిన."

డోరా స్టవ్ ఆపేసింది. ఈయన రేపు ఆ అమ్మాయి వెంట మెట్లెక్కి, ఇక్కడేం లేదు, పాటలు పాడతారంతే, నాది పూచీ అంటే, గ్లోరియా ఆయన ముఖం మీదే కాదంటుంది. అప్పుడు ఆగేది లేదు, గల్లీ మొత్తం మెట్ల కింద జమవుతుంది. తెలిసేదేదో ఇప్పుడు తన నోటి నుంచే తెలియడం మేలు.

ఆమె చేయి తుడుచుకుని వచ్చి చెక్క మీదున్న గ్లాసును చూపించింది.

"సార్, టీ చూడున్రి."

అందరూ చూశారు. టీ నిండా సన్న సన్న వలయాలు.

"ట్రైన్," అన్నాడు రామ్మోహనరావు.

"పొద్దుగాల్నుంచి బంద్ గద సారూ. ట్రైన్లే ఉంటే నేనీడ కూసుంటనా?" అన్నాడు తుకారాం.

గోడలోంచి సన్నగా గుర్రుమనే శబ్దం వినపడింది. రెండు గంటల నుంచీ వినపడుతూనే ఉంది. నిజానికి ఆయన రిటైరై ఇక్కడికి రావడం మొదలుపెట్టిన మూడేళ్ల నుంచీ వినపడుతూనే ఉంది. రోజూ పదకొండింటికి ఆయన ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంటాడు.

డోరా గొంతు పెంచకుండా చెప్పింది. పన్నెండేళ్ల కింద మీరు మెట్ల మీద చెప్పులు విడిచి నిలబడ్డారు సార్, మూడు పాటలు విన్నారు, మంచిగ పాడిన్రమ్మా అని మెచ్చుకుని పోయారు. ఆ దుప్పట్ల కింద పదకొండు మిషన్లున్నాయి. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక్క రోజు ఆగలేదు.

సైలస్ మాస్టారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే సార్, విశాఖ లెక్కల పదకొండు అలలు తక్కువ పడ్డయన్నట్టు," అన్నాడు. తుకారాం నవ్వు ఆపుకోవడానికి రోడ్డు వైపు తిరిగాడు.

రామ్మోహనరావు నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. గ్లాసు వైపే చూస్తూ, "ఆ మూడో పాట నాకు యాదికున్నది," అన్నాడు.

"పాట సంగతి పోనియ్యున్రి సార్. పొద్దుగాల్నుంచి ఒక్కటే అడుగుతున్న. రేపు మా వదినె నిజం చెప్తదట. ఆ మాట కరెంటాఫీసుకు పోతదా?"

"పోదు," అన్నాడాయన. గొంతులో ఇందాకటి ఊపు లేదు. "సర్వేల చెప్పిన పేరు, అడ్రసు ఇంకో ఆఫీసుకు ఇయ్యొద్దని చట్టమున్నది. టాక్సోళ్లకు లేదు, కరెంటోళ్లకు లేదు. అందరివి కలిపిన లెక్కనే పైకి పోతది."

"చట్టం ఉంటది సార్. ఎవరన్న అడిగితే?"

"నన్నడిగిండు ఒకాయన. పెద్ద ఆఫీసరే. తిరుమలగిరి లిస్టు కావాలన్నడు. ఆ తొమ్మిది జతల చెప్పుల ఇల్లు సుత అండ్లనే ఉండె. ఇయ్యనన్న."

"ఏమైంది మరి?"

"ఆదిలాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించిండు. రెండేండ్లున్న."

తుకారాం ఇటు తిరిగాడు. "ఇది ఎన్నడు చెప్పకపోతివి సారూ?"

"చెప్పేటందుకు ఏమున్నది అండ్ల? ఇయ్యనన్న, అంతే."

డోరా ఆయన ముఖం కేసి చూసింది. ఈ మాటలో గాలి ఆగలేదు, సముద్రం భయపడలేదు. ఆమెకు అది చాలు. మెట్ల దగ్గరికి పోయి పైకి కేకేసింది.

"వదినే, రేపు దుప్పట్లు గిట్ల ఏం వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం."

ఆ కేక వినడానికి పైన మిషన్లు ఒకదాని వెంట ఒకటి ఆగాయి. చెక్క మీద గ్లాసులో టీ అద్దంలా నిలిచింది. సరేనని గ్లోరియా పైనుంచి జవాబు చెప్పింది. మిషన్లు మళ్లీ అందుకున్నాయి, టీ మళ్లీ వణికింది.

రామ్మోహనరావు కళ్లజోడు సరిచేసుకుని గ్లాసు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"పదకొండు," అన్నాడు.

"పది సార్," అంది డోరా, స్టవ్ వెలిగిస్తూ. "లచ్చమ్మ ఇయ్యాల రాలే."