పదికి పది తప్పులు

నందిగామ. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు కుటుంబరావు గారి వరండా, శనివారం సాయంత్రం. ఆయన చేతిలో ఎర్ర పెన్ను. ఎదురుగా నోటు పుస్తకంతో ఆయన భార్య సత్యనారాయణమ్మ.

"మళ్ళీ చదువు."

"ఐ ఎంజాయ్‌డ్ ఇన్ ద మ్యారేజ్."

"నీ మొహం. ఎంజాయ్‌డ్ ఎవర్ని?"

"ఎవర్నో ఎందుకండీ? కీసర పెళ్ళికి వెళ్ళాం, భోజనాలు బాగున్నాయి, ఎంజాయ్ చేశా. అంతేగా?"

"అంతే కాదు. ఎంజాయ్ అన్న వెర్బు ఒంటరిగా నిలబడలేదు. పక్కన ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేకపోతే నిన్నే తెచ్చి పెట్టాలి. ఐ ఎంజాయ్‌డ్ మైసెల్ఫ్."

"నన్ను నేనే ఎంజాయ్ చేశానంటే వినేవాళ్ళేమనుకుంటారు? మీరు పక్కనే ఉన్నారు కూడానూ."

"నేను పక్కనున్నా లేకపోయినా మైసెల్ఫే. రాసుకో."

"రాసుకుంటున్నా. ఐ యామ్ రైటింగ్ మైసెల్ఫ్."

"అయ్యో రామా! అక్కడ సెల్ఫ్ ఎందుకే?"

"రాసుకుంటున్నా అన్నాగా. మన తెలుగులో 'కొను' ఉంటే ఇంగ్లీషులో సెల్ఫ్ వస్తుందని మీరేగా చెప్పారు?"

"అన్ని చోట్లా వస్తుందన్నానా? వండుకుంది అంటాం. షి కుక్డ్ హర్‌సెల్ఫ్ అని రాశావనుకో, ఆవిడ గిన్నెలో కూర్చుని మూత పెట్టుకున్నట్టు."

"మే నెలలో మన వంటింట్లో జరిగేది అదేగా. దానికి రైటు వేయండి."

"వేయను. కోసుకుంది. షి కట్ హర్‌సెల్ఫ్. కత్తి పట్టుకుంది ఆవిడే, తెగింది ఆవిడకే. చేసిన మనిషీ పడిన మనిషీ ఒకరే అయితేనే సెల్ఫ్. అర్థమైందా?"

"అయింది. మరి గడ్డం గీసుకున్నాడు?"

"హి షేవ్డ్. చాలు. షేవ్, వాష్, డ్రెస్, ఇవన్నీ రోజూ ఎవరికి వాళ్ళు చేసుకునేవే. ప్రత్యేకంగా చెప్పక్కర్లా."

"రోజూ చేసుకోనివాళ్ళకో? మీరు గీసుకుని నాలుగు రోజులైంది."

"పాఠంలోకి నా గడ్డం లాగకు. ఎల్లుండి పరీక్ష పెట్టుకుని వేళాకోళాలా? ఇప్పటికే రెండుసార్లు తప్పావు. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పినవాడి పెళ్ళాం ఓపెన్ టెన్త్‌లో ఇంగ్లీషు తప్పిందని ఊరంతా అంటుంటే..."

"ఊరంతా ఏం లేదులెండి. పక్కింటి దుర్గాంబ గారొక్కరే అడిగారు."

"ఆవిడకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. మూడోసారి కూడా తప్పావంటే నేను బయట తలెత్తుకోలేను, చెబుతున్నా."

"పరీక్ష జగ్గయ్యపేటలో. తోడొస్తానన్నారు, మర్చిపోకండి."

"వస్తానన్నాగా. ఎనిమిదింటి బస్సుకి."

"జగ్గయ్యపేట అంటే గుర్తొచ్చింది. పొద్దున మీ శిష్యుడు జయంత్ ఫోన్ చేశాడు."

"ఒంట్లో బాగాలేదని చెప్పావా?"

"ఎన్నిసార్లని చెప్పను? అతని కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు లేరట. వారానికి మూడు క్లాసులు చాలు, మాస్టార్ని ఒప్పించండమ్మా అంటున్నాడు."

"ఆ సంగతి ఎత్తొద్దన్నా, సత్యం."

"నేనెత్తట్లా. అతనన్నది చెబుతున్నా."

"రిటైరయ్యే ముందు ఓ రోజు క్లాసులో బోర్డు ముందు నిలబడ్డా. చెబుతున్న వాక్యం సగంలో పోయింది. తర్వాత మాటేమిటో ఎంతకీ తట్టలా. అరవైమంది పిల్లలు చూస్తున్నారు. తర్వాత నవ్వారు. ఇంక సుద్దముక్క పట్టుకోనని ఆ రోజే అనుకున్నా."

"సరే, సుద్దముక్క పట్టుకోకండి. ఎర్ర పెన్ను పట్టుకోండి. మీరిచ్చిన పది ఖాళీలూ నింపా, దిద్దండి."

"ఇలా తే. ద బాయ్స్ హర్ట్ ఇట్‌సెల్ఫ్. ఇట్‌సెల్ఫా! బాయ్స్ ఏమన్నా బల్లలా కుర్చీలా?"

"వాళ్ళ అల్లరి చూస్తే మనుషుల్లా ఉంటారేంటండీ?"

"దెమ్‌సెల్వ్స్. రెండోది. మై సిస్టర్ బ్లేమ్డ్ హిమ్‌సెల్ఫ్. మీ చెల్లెలు మగాడెప్పుడైంది?"

"ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో మా మరిదిని అడగండి."

"హర్‌సెల్ఫ్. మూడోది, వుయ్ ఇంట్రడ్యూస్డ్ యువర్‌సెల్ఫ్. తప్పు. నాలుగు తప్పు. ఐదు మరీ సుళువు, చిన్నపిల్లలు కూడా చెప్తారు, అదీ తప్పే. ఆరు."

"కాఫీ పెట్టనా?"

"ఏడు. ఎనిమిది."

"పొద్దుటి డికాక్షన్ ఇంకా ఉందండీ, చటుక్కున..."

"కూర్చో."

"ఏమైంది?"

"పదికి పది తప్పు."

"చెబుతూనే ఉన్నాగా, నా బుర్రకి ఎక్కదని."

"ఎక్కనివాళ్ళకి పదీ తప్పు రావు, సత్యం. జి.కొండూరులో పనిచేసినప్పుడు నా క్లాసులో బసవయ్య అని ఒకడుండేవాడు. ప్రశ్న చదివే పాపాన పోయేవాడు కాదు. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి గిలికేసేవాడు. వాడికీ రెండో మూడో తగిలేవి. పదికి పదీ తప్పు పెట్టాలంటే పదికి పదీ తెలిసుండాలి."

"ఏదో నా ఖర్మ అలా..."

"నా మొహం చూసి చెప్పు."

"మొన్న మూడు రైటు పెట్టాగా."

"పెట్టావా, వచ్చాయా?"

"పెట్టా."

"ఎప్పట్నుంచి ఈ నాటకం?"

"పోయినేడాది పరీక్షలప్పట్నుంచి."

"అప్పుడు తప్పావు గదా!"

"తప్పానని చెప్పా. తప్పలేదు. మొదటిసారే అన్నీ పాసు, రెండోసారి పరీక్షన్నది ఉత్తదే. ఇంగ్లీషులో ఎనభై ఆరు."

"ఎనభై ఆరా? మరి మెమో ఏదీ?"

"నా పట్టుచీరల కింద. ఈ ఇంట్లో మీరు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే."

"ఏడాదిపాటు నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట. నీ చేత ఒక్కొక్క వాక్యం పదేసిసార్లు రాయించా. రాత్రి పడుకుని, దీనికి ఇంకెలా చెబితే ఎక్కుతుందా అని ఆలోచించేవాణ్ణి."

"అదేనండీ నాకు కావాల్సింది. రిటైరయ్యాక ఎనిమిది నెలలు గోడకేసి తిరిగి పడుకున్నారు. మీ వీపు చూసి చూసి భయమేసింది నాకు. తోచక ఓపెన్ టెన్త్ కట్టా. మొదటిరోజు ఏదో తప్పు రాశా. అది నిజం తప్పే. మీరు లేచి కూర్చుని ఎడాపెడా తిట్టారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను."

"తిడితే సంతోషమా?"

"ఆ నెలలో మీరు నాతో మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే. పాసయ్యానంటే పాఠం ఆగిపోద్ది. పాఠం ఆగితే మీరు మళ్ళీ గోడవైపు తిరుగుతారు. అందుకని తప్పానన్నా."

"సత్యం."

"ఏడాది, రోజూ గంట చెప్పారు. ఒక్క వాక్యమన్నా సగంలో పోయిందా? పోతుందేమోనని రోజూ మీ నోటికేసి చూస్తూ కూర్చున్నా. పోలేదు."

"నువ్వంటే ఒక్కదానివి. అక్కడ అరవైమంది."

"అరవైమంది పెట్టే తప్పులూ నేనొక్కదాన్నే పెట్టా."

"అది సరే. మరి ఎల్లుండి జగ్గయ్యపేటలో పరీక్షంటివి?"

"పరీక్షా లేదు, ఏం లేదు. తొమ్మిదిన్నరకి జయంత్ దగ్గర మొదటి క్లాసు మీది."

"నన్నడక్కుండానే ఒప్పేసుకున్నావా?"

"అడిగితే ఒంట్లో బాగాలేదంటారు."

"నవ్వకు. అక్కడ మళ్ళీ ఆగిపోతే ఏం చెయ్యను?"

"నేను వెనక బెంచీలో కూర్చుంటా. మీరు ఆగారనుకోండి, లేచి నిలబడి అందరి ముందూ గట్టిగా ఒక తప్పు చెప్తా. తప్పు విని నోరు మూసుకుని ఉండటం మీ వల్ల కాదండీ."