బాత్రూం మా ఊరిదే

"తాతా, మీ ఊరికి, నాయనమ్మ వాళ్ల ఊరికి హద్దు ఎక్కడుండేది?"

హద్దా? గది అడుగకు బిడ్డా, నవ్వు ఆగది. మాది గచ్చిబౌలి అవతలి పల్లె, మీ నాయనమ్మది నార్సింగి దిక్కు. నడుమ ఒక్కటే హద్దురాయి. కాయితాలు ఎవనికి గావాలె? అమ్మవారి పండుగ తెల్లారి డప్పులతోని ఊరు సుట్టు పొలి సల్లాలె. పొలి అంటే ఏంది, పసుపు కలిపిన అన్నం. గది పడ్డంత మేర మాది. నడుమ తెగిందనుకో, గా జాగ పక్కూరోళ్లది. వాళ్లూ గదే రోజు సల్లుతరు మరి!

తొంభై ఎనిమిదిల... కాదు కాదు, తొంభై తొమ్మిదిల, మీ మేనత్త పెండ్లయిన యేడు, చాయ రెండు రూపాలుండె, గా రాయి మీద ఎవరో అద్దాల బిల్డింగు లేపిన్రు. పొలి సల్లే పొద్దు మా నాయిన గేటుకాడ కట్టె పట్టుకొని కూసుండు. "పొలి తెగిందో, ఇంట్ల బువ్వ లేదు కొడుకా" అన్నడు. అన్నడంటే అన్నట్టే, మొండోడు.

వాచ్‌మన్ రిజిస్టర్ల రాయమన్నడు. ఏం పని అంటే పొలి అని రాసిన. పొలి గంప నెత్తిన పెట్టుకొని డప్పులోళ్లతోని లోపటికి పోతె, అవతలి దర్వాజకెళ్లి మీ నాయనమ్మ తమ్ముడు, నా బామ్మర్ది, వాడూ గంపతోని! పాత రాయి ఊరి గుట్టకు సూటిగుండె గద, ఇద్దరం కిటికీలకెళ్లి గా గుట్టను సూస్కుంట, అడుగులేసుకుంట పోతె, హద్దు సక్కగ బాత్రూంల తేలింది.

"లోపల మనిషున్నారండీ!" అని మేనేజరు, ఆంధ్ర సారు, మంచోడే పాపం, అడ్డం నిలవడ్డడు. డప్పులు ఆగుతయా? లోపటోడు ఏమనుకున్నడో, గొళ్లెం తీస్తలేడు. జరసేపటికి తీసిండు. ఇద్దరం ఒక్కపారే ఇసిరినం. అన్నమంత వాని నెత్తి మీదనే! "నేను కాదండీ, నేను కాదండీ" అనుకుంట ఉరికిండు.

బామ్మర్ది తొంగి సూసి ముక్కు మూసుకుండు. "బావా, ఇన్నేండ్లు కొట్లాడినం, ఇగ గిది నీకే ఇడిసిపెడుతున్న."

"నువ్వే తీస్కోరా" అనబోయిన, నోటిదాక ఒచ్చింది. గేటుకాడ కూసున్న మా ముసలోడు, నాయిన, యాదికొచ్చిండు. ఇగ సిగ్గిడిసి ఒర్రిన: "బాత్రూం మా ఊరిదే!" మావోళ్లు డప్పు దంచుడే దంచుడు.

బయటికొచ్చి చెప్పిన. ముసలోడు ఏడ్సిండు బిడ్డా, నిజంగనే. నాకూ ఏడుపొచ్చింది.

"ఎంత జాగ గెలిసినవ్‌రా?"

"ఇద్దరు పట్టరు నాయినా."

"పట్టకుంటె ఏమాయె! మనదే గద?"

గట్లుండె ముచ్చట. సల్లగుండు బిడ్డా, నీ జాగ సిన్నదైనా నీదే అయ్యి ఉండాలె...