ఎడమ కాలు తెలియని బైరప్ప

హలో… ఆ, నేనేనమ్మా… తళి బైరప్పనే. చెప్పు మోనిషమ్మా.

… లేదు, ఈడ వాన లేదు, ఉత్త మబ్బే. ఫోన్‌ను కిటికీలో చెంబుకు ఆనించి పెట్టి, పడిన ముసలోళ్లకు మీ హోసూరు ఆసుపత్రిలో చెప్పే ఏడు గంటల క్లాసుకు రెడీగా ఉండాను. ఇంగా పది నిమిషాలు ఉంది కదా, ముందే చేసినావే?… ముఖం చూపించకుండా ఉత్త మాటేనా? అయితే ఏదో పెద్ద సంగతే.

… మార్కులా?

మొదటి వారం ఇరవైకి పన్నెండు. ఇప్పుడు అయిదు… పరవాలేదే! నేను బడిలో అయిదు చూసిందే లేదు. మూడో క్లాసులో అయ్యవారు నాకు సున్నా వేసి, అది చాలక పక్కనే ఇంకొక సున్నా వేసినాడు. మా నాయన చూసి, 'ముందర ఒకటి వేసేది మరచిపోయినాడు అయ్యవారు, లేకుంటే నూరే' అని ఊరంతా బెల్లం పంచినాడు…

సరే, సరే. నవ్వే పని కాదంటావా.

… ఆ, ఎడమ కాలు ఎత్తమంటే కుడి కాలు ఎత్తినాను. ఒప్పుకుంటాను… ఒంటికాలి మీద రెండు సెకండ్లే నిలబడినాను. అదీ నిజమే. మా తాత అయితే కపిల బావి దూలం మీద ఒంటికాలితో నిలబడి తళి సంతలో బేరం— ఆ, సంత యాడ, బావి యాడ. వదిలెయ్యి.

… కూరగాయల పేర్లు చెప్పమంటే 'బస్సు' అన్నానా? బీన్సూ క్యాబేజీ హోసూరుకు పోయేది దాంట్లోనే కదమ్మా!

… ఎవరు చూసినారు? పెద్ద డాక్టరా?… తలకు స్కానింగా?… అందాకా క్లాసు నిలిపేస్తారా!

ఉండు ఉండు ఉండు. నిలపొద్దమ్మా… లేదు, ఈ తూరి కథ కాదు. ఉండు, వాకిట్లో ఒక చూపు చూసి వస్తాను—

…

ఆ. మా ఆమె కొట్టంలోనే ఉంది. పాలు పిండుతా ఉంది. నేను మెల్లిగా చెప్తాను, నువ్వూ మెల్లిగా విను.

నేను పడనే లేదమ్మా.

… ఏనుగా? ఏనుగూ లేదు… ఫారంలో రాసేసినావా? 'ఏనుగు తరిమితే గులాబీ తోటలో పడినాడు' అనా?… డాక్టరు గూడా చదివినాడా! కొట్టేసెయ్యి తల్లీ. తోటను ఉండనీ, నన్నూ ఏనుగునూ కొట్టేసెయ్యి.

పడింది అంజనమ్మ… ఆ, నా ఇంటామె. ఆవును కడిగే బండ మీద జారింది. ఒక తూరి కాదు, రెండు తూర్లు… దెబ్బ జాస్తి లేదు, మోకాలు గీసుకుంది. అదొకటే అయితే నేనింత ఆట ఆడను. ఉప్పు వేసిన చారులో ఇంకొకతూరి ఉప్పు వేస్తుంది. బీగంచెవి నడుముకే దోపుకొని ఇల్లంతా వెతికింది ఒక రోజు. నేను పగలబడి నవ్వినాను. తరువాత… తరువాత నవ్వు రాలేదు.

… ఆసుపత్రికి పిలిచినానమ్మా, పిలవకుండా ఉంటానా? 'నాకేం రోగం, నువ్వే పో' అంటుంది. వచ్చే నెల మారెమ్మ పండగ. పెండ్లయి వచ్చినప్పటినుండీ మా ఇంటి తంబిట్టు దీపాల పళ్లెం, అదే బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసే దీపాలు, తలమీద పెట్టుకొని గుడిదాకా నడిచేది ఆమే. చేయి గూడా పట్టదు, అంత పొగరు! పడిందని కోడలు అంబిక చెవిన పడిందో, 'అత్తా, ఈ ఏడు నేను ఎత్తుకుంటాను' అంటుంది. మంచికే అంటుంది. ఈమె మూడు రోజులు అన్నం ముట్టదు.

అందుకే మీకాడ పడింది నేనని చెప్పినాను. చెప్పేటప్పుడు ఉత్తగా జారినానంటే ఏం బాగుంటుందమ్మా? ఏనుగును పెట్టినాను.

… అదే చెప్తా ఉండాను, విను. నేను సరిగ్గా చేస్తే ఆమె తన పని చూసుకొని పోతుంది. తప్పు చేస్తే మాత్రం పోదు. 'అది ఎడమ కాలా? కండ్లు లేవా నీకు?' అని తానే ఎత్తి చూపిస్తుంది. నేను ఇంకా తప్పు చేస్తే, ఇంకా సేపు చూపిస్తుంది… ఆ… ఆ! ఇప్పుడు తెలిసిందా? ఆ అయిదు మార్కులు కష్టపడి తెచ్చుకున్నవమ్మా నేను!

మొదటి రోజు మూడు సెకండ్లు నిలబడింది. నిన్న తొమ్మిది. నేను గడియారం చూస్తానే ఉన్నాను.

… కూరగాయలు పదహారు చెప్పింది. ఇంట్లోవాళ్ల పేర్లా?… కొడుకు మునిరాజును చెప్పింది, అంబికను చెప్పింది, మనవడు దర్శన్‌ను చెప్పింది, ఆవు పేరు గూడా చెప్పింది. నా కాడికి వచ్చి నిలిచిపోయింది.

… అయ్యో, అది మరపు కాదు! రాసుకోవద్దు! మా ఇండ్లలో పెద్ద ఆడవాళ్లు మొగుని పేరు నోటితో పలకరమ్మా. పలికితే వాని ఆయుస్సు తగ్గుతుందంట. పెండ్లయి యాభై రెండేండ్లయింది, ఒక తూరి గూడా పలకలేదు. రేషన్ కార్డు కాడ అడిగినా, 'ఇదో, ఈయన' అని నా పక్క చేయి చూపించింది.

… ఏమంటివి?… నిజంగా మరచిపోయి ఉంటే ఎట్ల తెలుస్తుందంటావా?

ఆ. అది నేనూ అనుకున్నాను. చారులో ఉప్పు ఎక్కువైన ప్రతి పూటా అదే అనుకుంటాను.

… వస్తా ఉంది, వస్తా ఉంది! వీడియో పెట్టు. ఎప్పటిమాదిరే నన్ను తిట్టు!

ఆఁ, గుడ్ మార్నింగ్ మోనిషమ్మా! ఇప్పుడే లేచినాను!… కుర్చీ పట్టుకున్నాను. ఎడమ కాలా? ఇదో… ఇది కుడి అంటావా? ఏమే అంజనా, ఈ పిల్ల దీన్ని కుడి అంటుంది చూడు… నువ్వూ అదే అంటావా? ఏది, చూపించు. పాలచెంబు కింద పెట్టి చూపించే, ఒలికిపోతాయి…

ఎంచు మోనిషమ్మా! నన్ను కాదు, ఎంచు!… మూడు… నాలుగు…

పేర్లా? ఓ, చెప్తాను! కోడలు దర్శన్. మనవడు అంబిక. కొడుకు… అరుస్తావేమే, వరసగానే కదా చెప్తా ఉండేది?… ఆరు… నా పేరా? నా పేరు నాగేశప్ప.

… కాదా? అయితే లింగయ్య… ఎదురింటాయనా లింగయ్య? మరి నేనెవరు?… 'ఈయన' అంటే హోసూరులో ఉండే పిల్లకు ఏం అర్థమవుతుందే!… తొమ్మిది… సరే మోనిషమ్మా, రాసుకో. ఈ ముసలాయనకు తన పేరే తెలియదు. స్కానింగ్ మిషన్‌లోకి తోసెయ్యండి. లోపల చస్తే బోర్డు మీద ఏం పేరు రాస్తారో మీ ఇష్టం… పది…

…

…

విన్నావా?… మోనిషమ్మా, విన్నావా? నాకు చెవి సరిగ్గా లేదు, ఏమనింది ఆమె?… బైరప్ప అనిందా! అంత గట్టిగానా!… పన్నెండు సెకండ్లా? పన్నెండూ ఒంటికాలి మీదేనా?

ఏమే, ముఖానికి కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటావు? ఆయుస్సు తగ్గితే తగ్గనీ, మిగిలిందాంట్లో సర్దుకుంటాను… ఇంకొకతూరి చెప్పు, ఈసారి ఇంకొక కాలు ఎత్తి… ఏయ్, ఫోన్ ఎందుకు తీస్తావు? పిల్ల ఇంగా మార్కులు వేయలేదు! అంజనా, ఆ ఎర్రది నొక్కొద్దే, ఆ ఎర్రది—