పాలపిట్టకు అనుమతి

నాలుగు గంటలకు ప్రదర్శన. రాయదుర్గం టవర్లో పదకొండో అంతస్తు కెఫెటేరియా నిండా బల్లలు వేసి, వాటి మీద కాగితం మడిచి చేసిన ఇరవై ఆరు బొమ్మలు పెట్టారు. నడిమి బల్ల ఒక్కటే ఖాళీ. ఒంటిగంటన్నర వేళ ఆ బల్లకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్ళు ఇద్దరు: హెచ్‌ఆర్ పెద్ద భీమేశ్వరరావుగారు, ఆయన కింద పనిచేసే వేణు.

"ఇరవై ఆరింటికీ అనుమతులు వచ్చాయంటున్నావు. ఈ ఒక్కదానికీ రాలేదంటే నేనేం చెయ్యనయ్యా? కింద లాబీలో ఇంతెత్తున కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ పాలపిట్టే."

"అందుకే చెప్తున్న సార్. డిజైన్ చేసినామె ఇంకా అనుమతి ఇయ్యలే. చీఫ్ గెస్ట్ సుబ్బలక్ష్మి మేడం ముందే ఖరాఖండిగ చెప్పిన్రు గద. డిజైనర్ ఒప్పుకోని బొమ్మ ఒక్కటి కనవడ్డా రిబ్బన్ కత్తిరియ్యను, వెనక్కి పోత అన్నరు."

"అన్నారు, నేనూ సరేనన్నాను. ప్రదర్శనకి 'సృజనకు నమస్కారం' అని పేరు పెట్టిందే నేను. అనుమతి కోసం ఆ బ్రెజిల్ డిజైనర్‌కి ఎన్ని మెయిళ్ళు రాశాం?"

"నాలుగు సార్. పద్దెనిమిది రోజులు ఆగినం."

"ఒసాకా ఆవిడకి?"

"పోచంపల్లి శాలువ గూడ పంపినం."

"మరి! అంత మర్యాద తెలిసినవాళ్ళం. ఈ పాలపిట్ట ఆవిడది ఏ దేశం?"

"బాచుపల్లి సార్."

"బాచుపల్లా?"

"మన జ్యోత్స్న సార్. ఏడో ఫ్లోర్, టెస్టింగ్ టీం. ఆరేండ్ల సంది మన దగ్గర్నే పనిచేస్తుండె. మొన్న సోమవారం దాక."

"సోమవారం దాకా అంటే... ఆ లిస్టులో అమ్మాయా?"

"నలభై ఒక్కమందిల ఒకామె. మీటింగ్ రూంల కూసోపెట్టి, మన లెటర్‌హెడ్ మీద టైపు చేసిన రాజీనామాలు ముందట పెట్టినం గద. నలభై మంది సంతకాలు పెట్టిన్రు. ఈమె పెట్టలే. మీరు తీసేస్తుంటే తీసేసినమని రాసియ్యున్రి, నేనెందుకు రాజీనామా చేసిన అని రాయాలె అన్నది. ఆ కాయితం సంచిల పెట్టుకొని, టేబుల్ మీది పాలపిట్టను తీసుకొని ఎల్లిపోయింది."

"మెల్లగా మాట్లాడవయ్యా. అయినా తీసెయ్యడం అనే మాటేంటి? దారులు వేరయ్యాయి, అంతే."

"సరే సార్. దారులు వేరైనయ్."

"మెయిల్ పెట్టావా?"

"పెట్టిన. వాపస్ వచ్చింది. సోమవారం మూడింటికే ఐడీ బంద్ చేసినం గద."

"అయితే మనం అడిగాం, ఆవిడ జవాబివ్వలేదు. అభ్యంతరం లేనట్టే లెక్క. మన ఆఫీసులో సగం ఫైళ్ళు అలాగే కదా అప్రూవ్ అయ్యేది."

"బ్రెజిల్ ఆయనకు అట్ల చెయ్యలే సార్."

"బ్రెజిల్ ఆయన బయటివాడయ్యా. ఈ అమ్మాయి మనమ్మాయి."

"సోమవారం దాక సార్."

"అబ్బబ్బ, దాన్నే పట్టుకుని వేలాడకు. పోనీ నువ్వే ఒకటి మడిచెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు కప్పనే సక్కగ రాదు. అది తొంభై మడతల పని. ఎనిమిది నెలలు లంచ్ మానుకొని కూసున్నది. రెక్క ఎత్తితే కింద నీలం కనవడాలెనని ఎన్ని కాయితాలు పాడు చేసిందో నేను చూసిన. అడగకుంట మడుస్తే నాకే పాపం అనిపిస్తది."

"మన ఆఫీసులో, మన టేబుల్ మీద చేసింది కదా. ఆఫర్ లెటర్ పదకొండో పేజీ చూడు. ఇక్కడ పుట్టిన ఆలోచన ఏదైనా కంపెనీదే."

"ఆ పేజీ సుబ్బలక్ష్మి మేడంకు మీరే చూపియ్యున్రి సార్."

"చూపిస్తే ఊరుకుంటుందా ఆవిడ? వెనకాలే ఎండీగారు కూడా ఉంటారు. నా పరువు నిలువునా పోతుంది. ఫోన్ చెయ్యవయ్యా ఆ అమ్మాయికి. నేను చెయ్యమన్నానని మాత్రం చెప్పకు. కాదులే, చెప్పు. వద్దు, నీ అంతట నువ్వే చేసినట్టు మాట్లాడు."

వేణు కిటికీ దగ్గరికి పోయి పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. ఆ పది నిమిషాలూ భీమేశ్వరరావుగారు ఒసాకా కొంగను చూస్తున్నట్టు నటించారు.

"ఏమంది? తిట్టిందా నన్ను?"

"మీ ఊసే తియ్యలే సార్. ఎవరెవరి బొమ్మలు పెడుతున్నరని అడిగింది. బ్రెజిల్ ఆయన ఒప్పుకున్నడంటే మస్తు సంబురపడ్డది. ఒసాకామె కొంగ మెడ తేమకు వంగుతదట, ఏసీ గాలికి దూరం పెట్టమన్నది. అందరి పేర్లు సక్కగ రాసినవా అన్నది."

"అనుమతి సంగతి చెప్పు ముందు."

"అడిగినవ్ గద, గంతే చాలన్నది. ఇచ్చిన అని వాట్సాప్‌ల గూడ రాసి పంపింది. పాత బొమ్మ రెక్క నలిగిందట, మంగళవారం కూసొని కొత్తది మడిచిందట. అదే ఇప్పుడు పంపుతున్నది."

"హమ్మయ్య. బంగారుతల్లి. చూశావా, మర్యాదగా అడిగితే ఎవరైనా ఇస్తారు. మరి ఆ రాజీనామా ఉత్తరం? అదీ అడిగావా?"

"అనుమతి అడిగిన నోటితోని అదెట్ల అడగాలె అనుకున్న సార్."

"అడగలేదా? ఒరేయ్ నాయనా, సాయంత్రం అయిదింటికి హెడ్డాఫీసుకి నలభై ఒక్క రాజీనామాలూ వెళ్ళాలి. నలభై పంపితే నలభై ఒకటోది నాది అడుగుతారు. నాకు అవతల ఇద్దరు పిల్లల చదువులున్నాయి."

"అడిగిన సార్. మీరు పరేషాన్ అయితరని నాకు ఎరుకే గద. అది గూడ పంపుత అన్నది."

"సంతకం పెట్టా?"

"నేను అడిగేటాలకు ఫోన్ పెట్టేసింది."

మూడున్నరకు కింద సెక్యూరిటీ దగ్గర్నుంచి చిన్న అట్టపెట్టె పైకి వచ్చింది.

"నేను తీస్తానుండు. నీ చేతులు మోటు. ఆహా! వేణూ, ఇటు చూడు. అరచేతిలో ఎంత ఒద్దికగా కూర్చుందో."

"జర మెల్లగ సార్. ముక్కు సన్నగున్నది."

"మొన్నటిదాని కంటే ఇదే బాగుంది. ఒళ్ళంతా తెలుపు, రెక్క కింద ఆ నీలం పట్టీ చూడు. ఆ నీలం ఎక్కడో చూశానయ్యా, గుర్తు రావట్లేదు. ఒంటి మీద సన్నసన్నగా నల్ల గీతలు, అచ్చం ఈకల్లాగే. ఏం కాగితమో మరి."

"కళ్ళజోడు తెమ్మంటరా సార్?"

"ఎందుకు, క్యాబిన్లో ఉండనీ. ముందు ఫొటో తియ్యి. నేను పట్టుకుంటాను, నా మొహం కూడా పడాలి. ఎండీగారికీ, కంపెనీ పేజీకీ పంపు. 'ప్రతి సృష్టికర్తకూ మా సంస్థలో చోటుంది' అని రాయి."

"అట్లనే రాయాల్నా సార్?"

"అట్లనే రాయి. పంపావా? చూశావా, ఎండీగారి జవాబు అప్పుడే వచ్చింది. చీఫ్ గెస్ట్‌కి దీన్ని తనే చూపిస్తానంటున్నారు. పదేళ్ళలో ఆయన నాకు మంచి మాట రాయడం ఇదే మొదటిసారి."

"సార్, లిఫ్టు పైకొస్తున్నది. మేడం, ఎండీ సార్ ఇద్దరు అండ్లనే ఉన్నరట."

"రానీ. దీన్ని ఇలాగే పట్టుకుని ఎదురెళ్తాను. అవునూ, పెట్టెలో ఇంకేం లేదే. ఆ రాజీనామా ఏదయ్యా? వేరేగా వస్తోందా?"

"లేదు సార్. వచ్చింది."

"వస్తే ఇవ్వవేం? నీ జేబులో పెట్టుకున్నావా? అయిదింటికి పంపాలని చెప్పానా లేదా? ఎక్కడుంది?"

"మీ చేతులనే ఉన్నది సార్. సంతకం పెట్టిందో లేదో మిమ్మల్నే విప్పి చూసుకోమని వాట్సాప్ చేసింది."