అందరికీ దొరికే పత్రిక

అభినందనలు ఎందుకులెండి జానకీదేవిగారూ, కూర్చోండి. మా ఆయన మన వైద్య పరిశోధన సంస్థకి డిప్యూటీ డైరెక్టరయ్యారని కాలనీ అంతా సంబరపడుతోంది. ఆయన మాత్రం వారంనుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.

మీకు తెలియనిదేముంది? మన క్వార్టర్సుకి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలోనే పట్టుకుంది మా భీమేశ్వరరావుగారికి ఈ పిచ్చి. జనం జబ్బుల మీద, జనం డబ్బుతో చేసిన పరిశోధన ఎవరైనా డబ్బు కట్టకుండా ఊరికే చదువుకోవాలట. ప్రతి మీటింగులోనూ అదే చెప్పారు. తన పేపర్లన్నీ అలా దొరికే పత్రికలకే పంపారు.

ఏమైంది? ప్రమోషన్ బోర్డులో ఒక పెద్దాయన నవ్వాడట. "అందరికీ ఊరికే దొరికేదానికి విలువేముంటుంది రావ్ సాబ్?" అన్నాడట. రెండుసార్లు ఆపేశారు. ఈయన దగ్గర పని నేర్చుకున్న మనోహర్ ఈయనకే పై ఆఫీసరయ్యాడు.

ఆ మనోహరే బతిమాలాడు, ఈ ఒక్కటీ పెద్ద విదేశీ పత్రికకి పంపండి సార్ అని. పిల్లల మెదడువాపు జ్వరం మీద పేపరు. చిన్న ఆసుపత్రిలో, ఉన్న మందులతోనే ఏం చెయ్యొచ్చో రాశారు. హక్కులన్నీ వాళ్లకిస్తూ సంతకం పెట్టారు; ఇక డబ్బు కట్టినవాళ్లకే చదివే వీలు. అచ్చయింది. ప్రమోషనూ వచ్చింది.

ఆ హడావిడిలో మెయిళ్లు చూసుకోలేదు. యూపీలో ఏదో మిషన్ ఆసుపత్రిలో డాక్టరు పెర్సిస్ అని, ఒంగోలు అమ్మాయేనట, రాసింది. పేపరులో పైన నాలుగు లైన్లే కనిపిస్తున్నాయి, మిగతాది కొనే స్తోమత మాకు లేదు, వార్డులో అదే జ్వరంతో ఒక పాప ఉంది, దయచేసి పంపండి సార్ అని.

సోమవారం పొద్దున చూశారు, చూసిన వెంటనే పంపారండీ. మధ్యాహ్నానికే జవాబొచ్చింది. థాంక్స్ సార్, పాప గురువారమే చనిపోయింది, ఇంకో పిల్లాడొస్తే పనికొస్తుంది అని.

అచ్ఛా, మీరూ అదే అంటారా? చదివితే మాత్రం బతికేదని ఎవరు చెప్పొచ్చారని? నేనూ అన్నాను. "బతికేదో లేదో నాకు తెలీదు కృష్ణా. ఆ డాక్టరుకి చదివే వీలు లేకుండా చేసింది మాత్రం నేనే," అన్నారు.

పోనీ ఇప్పుడు పదవి ఉంది, మాట చెల్లుతుంది, మళ్లీ మొదలుపెట్టండి అన్నాను. కాస్త ఊపిరొచ్చినట్టే కనిపించారు.

నిన్న సునంద వచ్చింది, ఈయన కింద పనిచేసే అమ్మాయి. క్షయ మీద మంచి పేపరు రాసింది. అందరికీ దొరికే పత్రికకి పంపుదామమ్మా అన్నారు, ఇదిగో ఈ సోఫాలోనే కూర్చుని. ఆ పిల్ల తలొంచుకుని, "సార్, మీరు ఏ పత్రికతో పైకొచ్చారో నేనూ దానికే పంపుకుంటాను," అంది.

ఈయన జేబులోంచి పెన్ను తీసి, ఆ పిల్ల తెచ్చిన అనుమతి కాగితం మీద సంతకం పెట్టిచ్చారు.