పచ్చబడిన ఉర్లగడ్డలు

పూతలపట్టులో ఆ ఇంటి వంటగదిలో అత్త భారతమ్మా, కోడలూ ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఏరుతున్నారు. కోడలు రాజశ్రీకి ఐదో నెల. కిటికీ ఎండకు గోతంలో సగం గడ్డలు ఆకుపచ్చగా తిరిగినాయి.

"ఇవి పారేద్దామా అత్తా?"

"ఎందుకు? మంచివి మగోళ్లకు వండు. ఇవి మనిద్దరికీ."

"పచ్చబడినవి, మొలకలొచ్చినవి తినొద్దని నర్సమ్మ చెప్పింది. విషమంట."

"నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్త నాకు ఇవే ఏరి పెట్టేది."

"అప్పుడే గదా మీకు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయినారు?"

భారతమ్మ చెయ్యి ఆగింది. మాట తూలినానే అనుకుని రాజశ్రీ తల దించుకునింది.

"ఎందుకు పోయినారో ఎవురూ సెప్పలేదు. నా రాత అన్నారు."

భారతమ్మ మంచి గడ్డలన్నీ కోడలి వైపు నెట్టింది.

"ఇవి నువ్వు తిను. మగోళ్లు అడిగితే నేను సెప్పుకుంటా. ఆ పచ్చవి నాకు వండు."

"మీకు మాత్రం ఎందుకత్తా?"

"నాకింక పోయేదేముండాది?"