మూడో పిలుపు

ఏటే పద్మా, నవ్వుతన్నావు? అమ్మమ్మా అని నువ్వు పూర్తిగా అనకముందే నాను ఓయ్ అన్నాననా? నవ్వుకో. మీ తాత కూడా ఇలాగే నవ్వీవోడు. పుట్టుకతో అబ్బింది కాదే ఇది, కూర్మయ్య మావ వల్ల వొచ్చింది. మావంటే సుట్టం కాదు, పక్కింటోడు. కూకో, ఆ సేట ఇలాగియ్యి, బియ్యంలో రాల్లేరతా సెప్తాను.

నాను కొత్తగా కాపరానికొచ్చింది నెల్లిమర్ల. అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గేపకం లేదు. మీ తాతకి జూటుమిల్లులో పని. మిల్లు జనం అద్దెకుండీ లైనిల్లు, ముప్పై రెండు గదులు ఒకటే వరస, అందరికీ ఒకటే నుయ్యి. నరసన్నపేట సావుకారొకాయనివి అవి. ఆయన నెలకోపాలి బస్సు దిగి, గొడుగైనా ముడవకుండా ఈ సివర నుంచి ఆ సివరకి సూసీసి ఎలిపోయీవోడు. ఆ ఇల్లు కాసుకుని, బాగోగులు సూడ్డానికి కూర్మయ్యనెట్టినాడు. కలింగపట్నం మనిసి. సన్నంగా ఉండీవోడు, మొలకి తాళాల గుత్తి. మనిసి కన్నా ముందు గుత్తి సప్పుడొచ్చీది. పెల్లాం జగ్గమ్మ. ఆల్లదీ మాదీ ఆనుకున్న గదులు, పెరడు ఒకటే.

ఆ మనిసి ఒక ముద్ద నిదానంగా తిన్న రోజు నాను సూల్లేదు. "కూర్మయ్యా, పెంకు జారిపోనాది." "కూర్మయ్యా, సేద నూతిలో పడిపోనాది." "కూర్మయ్యా, మా గోడకి ఆల్లు పిడకలు కొట్టీసినారు, రా, నువ్వే సూడు." ఎల్లాజీ అని ఒకడుండీవోడు, ఆడైతే, "కూర్మయ్యా, మా ఆడది నాకు కూడెట్టనంటంది, నువ్వొచ్చి సెప్పు" అనీవోడు. ఇంటికి కాపలాదారుడంటే మొగుడూ పెల్లాల మద్దిన కూడా కాపలానేటి? మిల్లు మూడు పాల్లు నడుస్తాది కదా, ఒకలు పడుకునీసరికి ఇంకొకలు లెగుస్తారు. ఈ మనిసి మాత్రం అందరికీ వత్తన్నా, వత్తన్నా. పైనుంచి సావుకారు కార్డు ముక్క రాసీవోడు, సున్నాలేవి, తలుపుకి గడియేది అని. ఇటు ఆల్లకీ మంచోడు కాలేడు, అటు సావుకారికీ కాలేడు. అడకత్తెరలో పోకసెక్క అయిపోనాడు. సిక్కిపోనాడు. ఒకరోజు కంచం ముందర కూకుని, గోడ మీద కాకి అరిస్తే, "ఆ, వత్తన్నా" అని లేసి ఎంగిలి సేత్తోనే వీదిలోకి ఎలిపోనాడు. జగ్గమ్మ గుమ్మం పట్టుకుని ఏడ్సింది. నా మొగుడు నాకు దక్కడే లచ్చనమ్మా అని నాతో సెప్పుకుని.

అప్పుడు ఆయమ్మే ఎట్టింది ఆ కట్టుబాటు. మనోల్లలో ఉందిలే, మిట్టమజ్జాన్నం ఎవులైనా పిలిస్తే ఒక పిలుపుకి పలక్కూడదు, రెండుకీ పలక్కూడదు. గాలి పిలుస్తాది, దయ్యం పిలుస్తాది, మనిసైతేనే మూడోపాలి పిలుస్తాడు. "ఓ మావా, పొద్దైనా రేతిరైనా ఇంక నువ్వు మూడో పిలుపుకే పలకాల. నా మీద ఒట్టు" అంది. ఆయనికి ముందు పేణం ఒప్పలేదు. ఎల్లాజీ రెండుపాల్లు పిలిసి, ఇసుక్కుని, ఆడే ఇంటిమీదకెక్కి పెంకు సర్దుకున్నాడు. నూతిలో సేద ఆల్లే తీసుకున్నారు. సూడు మరి, నూటికి తొంబై పిలుపులు రెండోదానికే ఆరిపోనాయి.

ఓలమ్మ, ఆ రెండు నెల్లూ ఎంత బాగుండీది. మజ్జాన్నం పూట లైనంతా సద్దు మణిగిపోయీది. మిల్లునుంచి గోగునార నూగు గాల్లో తేలుకుంటా వొచ్చి మెల్లిగా అరుగు మీద వాలీది. ఆయన నులకమంచం మీద నోరు తెరుసుకుని నిద్దరోయీవోడు. లేసి, కల సెప్పీవోడు. ఎప్పుడూ అదే కల, కలింగపట్నంలో ఇసక మీద తొంగున్నట్టు, కెరటం కాల్లదాకా వొచ్చి ఎలిపోతన్నట్టు. "సముద్రం అంత గోల సేస్తాది గాని లచ్చనమ్మా, ఎవులినీ పేరెట్టి పిలవదు" అనీవోడు. జగ్గమ్మ పక్కన కూకుని ఇసనకర్రతో ఇసురుతా, నిజంగా ఆ నీల్లు సూస్తన్నట్టే సూసీది. నాకూ ఇనిపించీదే ఆ హోరు. ఇప్పటికీ ఎండలో కల్లు మూస్తే ఇనిపిస్తాది.

ఆ రోజూ అలాటి ఎండే. నాను గుమ్మంలో కూకుని ఇలాగే బియ్యం ఏరతన్నాను. ఆయన నిద్దర్లో ఉన్నాడు. జగ్గమ్మ పెరట్లోకెల్లింది, తాటాకులు తెచ్చుకోడానికి. "ఓ మావా" అంది. కాసేపాగి మల్లా "ఓ మావా" అంది, కొంచెం నీరసంగా. మంచం కిర్రుమంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మూడో పిలుపు రాలేదు.

రెండు గంటల మిల్లు కూతకి ఆయన లేసి ఎల్లి సూస్తే, తాటాకుల మోపుకి ఆనుకుని కూకునుంది, నోట నురగ. పురుగు ముట్టింది. పురుగంటే పామేనే. బండి కట్టి ఇజీనారం ఆసుపత్రికి తీసికెల్తంటే దోవలోనే పోనాది. మూడోది పిలవడానికి ఓపిక సాల్లేదో, ఆయన నిద్దర సెడగొట్టడం ఇష్టం లేకపోయిందో నాకు తెల్దు. ఆ నిద్దర కోసమే కదా అంత ఏడ్సింది.

పెద్దకర్మ అయినాక ఆయన తాళాల గుత్తి తెచ్చి మా గుమ్మంలో ఎట్టినాడు, సావుకారొస్తే ఇచ్చీమని. ఎల్తా ఎల్తా ఆగి అడిగినాడు. "లచ్చనమ్మా, నాకు రెండే ఇనిపించినాయి. అది కలేటో కూడా తెల్దు. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా, నీకేటైనా ఇనిపించిందా?"

నాను లేదన్నాను. నాకేటీ ఇనిపించలేదు మావా అన్నాను. రెండూ ఇన్నానే, పద్మా. నాలుగడుగుల దూరంలో ఉన్నాను, కాల్లు పడిపోలేదు నాకు. ఆల్ల మొగుడూ పెల్లాల పిలుపు, మూడోదొస్తే ఆయనే లెగుస్తాడు కదా అని నానూ లెక్కెట్టుకుంటా కూకున్నాను. ఇన్నానని సెప్పుంటే, తప్పులో సగమైనా నా మీద ఏసి ఎల్లీవోడు. మొత్తం ఆయనొక్కడే మోసుకుని కలింగపట్నం ఎలిపోనాడు. మల్లా రాలేదు. అక్కడే పోనాడని ఎవులో సెప్పినారు, ఎన్నేల్లకో.

ఆ, వత్తన్నా, వత్తన్నా.

ఏటి? ఎవులూ పిలవలేదా?

సర్లే. ఎసరు మరుగుతన్నట్టుంది, సూడు.